ఎన్రాన్ ఎవరి చుట్టం?

2002 జనవరి 10, గురువారం. అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ దివాలా తీసి అప్పటికి ఆరు వారాలు కూడా కాలేదు. కూలిపోవడానికి కొన్నాళ్ల ముందు ఆ కంపెనీ అధిపతి కెన్నెత్ లే ఇద్దరు మంత్రులకు ఫోన్ చేశారని శ్వేతసౌధం ఆ రోజు ఒప్పుకొంది. కేసు నడిపించాల్సిన అటార్నీ జనరల్ జాన్ ఆష్‌క్రాఫ్ట్, తన పాత సెనేట్ ఎన్నికల ఖర్చులో ఎన్రాన్ సొమ్ము ఉంది కాబట్టి దర్యాప్తు జోలికి రానని తప్పుకొన్నారు. కంపెనీ లెక్కలు తనిఖీ చేసిన ఆర్థర్ ఆండర్సన్, ఎన్రాన్‌కు సంబంధించిన కాగితాలను తమవాళ్లు పెద్ద ఎత్తున నాశనం చేశారని వెల్లడించింది. ఇవన్నీ ఒక్క రోజు వార్తలే.

అదే రోజు విలేకరులు కెన్ లేతో స్నేహం సంగతి అడిగితే, అధ్యక్షుడు జార్జ్ బుష్ 1994లోకి వెళ్లిపోయారు. తాను టెక్సస్ గవర్నర్‌గా పోటీ చేసినప్పుడు లే తన ప్రత్యర్థి ఆన్ రిచర్డ్స్‌కు మద్దతు ఇచ్చారని చెప్పారు. రిచర్డ్స్ డెమొక్రాట్. అందులో అబద్ధం లేదు. లే ఆమెకు విరాళం ఇచ్చారు, ఆమె ఏర్పాటు చేసిన వ్యాపార మండలికి అధ్యక్షత కూడా వహించారు. కాకపోతే అదే ఎన్నికలో బుష్‌కు అంతకన్నా ఎక్కువ ఇచ్చారు. 2000 అధ్యక్ష ఎన్నికలకైతే లక్ష డాలర్లకు పైగా సేకరించిపెట్టిన ‘పయనీర్ల’ జాబితాలో చేరారు. బుష్ ఆయనను ముద్దుగా పిలిచే పేరు ‘కెన్నీ బాయ్’. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో చూపించడానికి ఈ ఒక్క జవాబు చాలు. అయితే ఆ ఏడాది భుజాలు తడుముకున్నది ఆయన ఒక్కరే కాదు.

కూలింది చిన్న కంపెనీ కాదు. 1985లో రెండు గ్యాస్ పైపులైను సంస్థల కలయికతో పుట్టి, హ్యూస్టన్ కేంద్రంగా విద్యుత్తు, గ్యాసు కొనుగోళ్లూ అమ్మకాలే అసలు వ్యాపారంగా ఎదిగింది. 2000 ఆగస్టులో వాటా ధర 90 డాలర్లు. 2001 నవంబరు ముగిసేసరికి డాలరు కన్నా తక్కువ. అప్పులను, నష్టాలను ఆర్థిక విభాగాధిపతి ఆండ్రూ ఫాస్టో నడిపిన భాగస్వామ్య సంస్థల చాటున దాచారు. అక్టోబరు 16న 61.8 కోట్ల డాలర్ల త్రైమాసిక నష్టం ప్రకటించాక గుట్టు ఆగలేదు. డిసెంబరు 2న దివాలా పిటిషన్ వేసింది. ఆస్తులు 6,340 కోట్ల డాలర్లు. అప్పటికి అమెరికా చరిత్రలో అంత పెద్ద దివాలా లేదు. మర్నాడే హ్యూస్టన్‌లో సుమారు 4,000 మందిని ఇంటికి పంపారు. వాళ్లలో చాలామంది పదవీ విరమణ పొదుపంతా కంపెనీ వాటాల్లోనే ఉంది. పొదుపు పథకం నిర్వహణ ఒక సంస్థ నుంచి మరొకదానికి మారుతోందని, సరిగ్గా ధర పడిపోతున్న రోజుల్లోనే, ఆ ఖాతాలకు తాళం వేశారు. కళ్లముందు సొమ్ము కరిగిపోతుంటే అమ్ముకునే దారి లేకపోయింది.

ఇక పార్టీల లెక్క. ఎన్రాన్, దాని ఉద్యోగులు 1989 నుంచి ఇచ్చిన రాజకీయ విరాళాలు అరవై లక్షల డాలర్లకు దగ్గరగా ఉన్నాయి. అందులో సుమారు మూడొంతులు రిపబ్లికన్లకు, ఒక వంతు డెమొక్రాట్లకు. అప్పటి సెనేట్‌లోని 100 మందిలో 71 మందికి, ప్రతినిధుల సభలోని 435 మందిలో 188 మందికి ఎప్పుడో ఒకప్పుడు ఆ డబ్బు అందింది. డెమొక్రాట్లు మూడొంతుల సంగతి పట్టుకున్నారు. రిపబ్లికన్లు మిగిలిన వంతును పట్టుకున్నారు. చర్చంతా ‘మీరు ఎక్కువ తిన్నారు’, ‘మీరూ తిన్నారుగా’ దగ్గరే తిరిగింది. రెండు పార్టీల నాయకులూ అందిన విరాళాలను ఎన్రాన్ మాజీ ఉద్యోగుల సహాయ నిధికో ధర్మసంస్థలకో హడావిడిగా మళ్లించడం మొదలుపెట్టారు.

ఫోన్ల సంగతి ఇంకా విచిత్రం. లే ఫోన్ చేసింది ఆర్థిక మంత్రి పాల్ ఓనీల్‌కు, వాణిజ్య మంత్రి డాన్ ఎవాన్స్‌కు. ఎవాన్స్ 2000లో బుష్ ప్రచార సారథి. అయినా ఇద్దరూ ఏమీ చేయలేదు. ‘చూశారా, మిత్రుడైనా ఆదుకోలేదు’ అని రిపబ్లికన్లు చెప్పుకొన్నారు. ఆదుకొని ఉంటే అదే పెద్ద నేరమయ్యేది. ఆదుకోలేదని తేలేసరికి డెమొక్రాట్లు మాట మార్చి, ‘మునుగుతోందని తెలిసి ఉద్యోగులను, మదుపుదారులను ఎందుకు హెచ్చరించలేదు?’ అని అడిగారు. ఇంతలో మరో ఫోన్ బయటపడింది. క్లింటన్ హయాంలో ఆర్థిక మంత్రిగా చేసి, అప్పటికి సిటీగ్రూప్‌లో ఉన్న రాబర్ట్ రూబిన్ నవంబరు 8న ఆర్థిక శాఖ అధికారి పీటర్ ఫిషర్‌కు ఫోన్ చేసి, ఎన్రాన్ విషయమై, కంపెనీల అప్పు తీర్చే సత్తాకు మార్కులు వేసే రేటింగ్ సంస్థలతో మాట్లాడితే ఎలా ఉంటుందని ఆరా తీశారు. ఎన్రాన్‌కు అప్పిచ్చిన బ్యాంకుల్లో సిటీగ్రూప్ ఒకటి. ఫిషర్ కుదరదన్నారు. రిపబ్లికన్లకు ఊపిరి వచ్చింది.

నా లెక్కలో ఈ ఫోన్లకు పెద్ద విలువ లేదు. మునిగేవాడు దొరికిన ప్రతి గడ్డిపోచనూ పట్టుకుంటాడు. అంతకన్నా బరువైనది ఉపాధ్యక్షుడు డిక్ చెనీ వ్యవహారం. 2001లో ఆయన ఆధ్వర్యంలో ఇంధన విధానం తయారవుతుండగా ఎన్రాన్ ప్రతినిధులు ఆయనతోనో ఆయన సిబ్బందితోనో ఆరుసార్లు భేటీ అయ్యారు. డెమొక్రాట్ హెన్రీ వాక్స్‌మన్ వెంటపడితే ఈ సంఖ్య బయటికి వచ్చింది. ఆ బృందం ఎవరెవరిని కలిసిందో చెప్పాలంటూ కాంగ్రెస్ తరఫు ఆడిట్ సంస్థ 2002 ఫిబ్రవరిలో కోర్టుకెక్కింది, డిసెంబరులో ఓడిపోయింది. కాలిఫోర్నియా అప్పటికే చీకటి కోతలతో, ఆకాశాన్నంటిన కరెంటు ధరలతో అల్లాడి ఉంది. ధరలకు పరిమితి పెట్టమని అక్కడి డెమొక్రాట్ గవర్నర్ గ్రే డేవిస్ మొత్తుకున్నా వాషింగ్టన్ నెలల తరబడి వినలేదు. ఎన్రాన్ వ్యాపారులు ‘డెత్ స్టార్’, ‘ఫ్యాట్ బాయ్’ లాంటి ముద్దు పేర్లతో ఆ మార్కెట్‌ను ఎలా ఆడించారో చెప్పే కాగితాలు 2002 మే నెలలో బయటపడ్డాయి. డెమొక్రాట్లకు ఇంతకంటే మంచి ఆయుధం లేదు. అయితే ఆ మార్కెట్‌కు తలుపులు తెరిచిన 1996 నాటి చట్టానికి కాలిఫోర్నియా శాసనసభలో ఒక్కరంటే ఒక్కరు కూడా వ్యతిరేకంగా ఓటు వేయలేదు.

అసలు కథ ఇలాంటి చట్టాల్లోనే ఉంది. చట్టం బలవంతుడి చుట్టమంటారు. ఎన్రాన్ విషయంలో ఆ చుట్టరికం కలిపింది ఎవరో చూడాలంటే పదేళ్లు వెనక్కి వెళ్లాలి. 1993 జనవరిలో, పెద్ద బుష్ ప్రభుత్వం దిగిపోతున్న రోజుల్లో, ముందస్తు కొనుగోలు ఒప్పందాల (ఫ్యూచర్స్) మార్కెట్ నియంత్రణ సంస్థ ఇంధన ఒప్పందాలకు తన అజమాయిషీ నుంచి మినహాయింపు ఇచ్చింది. దాని అధిపతి వెండీ గ్రామ్. పదవి వదిలిన కొన్ని వారాలకే ఆమె ఎన్రాన్ డైరెక్టరయ్యారు. భర్త ఫిల్ గ్రామ్ టెక్సస్ రిపబ్లికన్ సెనేటర్. ఇంతవరకు డెమొక్రాట్లు చెప్పే కథే.

1993లో లెక్కల ప్రమాణాల సంస్థ, అధికారులకిచ్చే స్టాక్ ఆప్షన్లను (ముందే ఖాయమైన ధరకు వాటాలు కొనుక్కునే హక్కులను) కంపెనీ ఖర్చుగా చూపించాలని ప్రతిపాదించింది. వద్దంటూ 1994లో సెనేట్ 88–9 ఓట్లతో తీర్మానం చేసింది. ముందుండి నడిపించినవారు డెమొక్రాట్ జో లీబర్‌మన్. వాటా ధర పెరిగితే చాలు, అధికారుల జేబు నిండుతుంది, ఖాతాలో ఖర్చు మాత్రం కనిపించదు. 1995లో మదుపుదారులు కంపెనీల మీద, ఆడిటర్ల మీద దావాలు వేయడాన్ని కష్టం చేసే చట్టం వచ్చింది. క్లింటన్ వీటో చేస్తే రెండు పార్టీల సభ్యులూ కలిసి ఆ వీటోను తోసిపుచ్చారు. 2000లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ అధిపతి ఆర్థర్ లెవిట్, ఆడిట్ చేసే సంస్థే అదే కంపెనీకి సలహాలు అమ్ముకోవడాన్ని ఆపాలని చూశారు. ఒత్తిళ్ల మధ్య ఆ ప్రయత్నం నీరుగారింది. అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాసినవారిలో కెన్ లే ఒకరు. ఆ ఏడాది ఆండర్సన్‌కు ఎన్రాన్ చెల్లించినది ఆడిట్‌కు 2.5 కోట్ల డాలర్లు, సలహాలకు 2.7 కోట్లు. పరీక్ష పేపరు దిద్దే మాస్టారికి ట్యూషన్ ఫీజు అంతకంటే ఎక్కువ అందుతుంటే మార్కులు ఎలా పడతాయో ఊహించవచ్చు. అదే ఏడాది డిసెంబరులో కంప్యూటర్ తెరల మీద జరిగే ఇంధన వ్యాపారాన్ని నియంత్రణ నుంచి తప్పించే చట్టం వచ్చింది. తర్వాత ‘ఎన్రాన్ కంత’ అని పేరుపడిన అంశం అందులోదే. సంతకం చేసింది క్లింటన్.

ఇవన్నీ సభలో, వెలుగులో, ఓటింగుతో జరిగినవే. విరాళాల జాబితా కన్నా ఈ ఓట్ల జాబితా వల్ల కంపెనీకి ఒరిగింది ఎక్కువ. అందుకే కాబోలు, ఆ ఏడాది టీవీల్లో దాని ఊసు అంతగా వినపడలేదు.

మనకూ ఇందులో వాటా ఉంది. ఎన్రాన్‌తో దాభోల్ విద్యుత్ ఒప్పందం 1993లో మహారాష్ట్ర కాంగ్రెస్ ప్రభుత్వం చేసింది. ఎన్రాన్‌ను అరేబియా సముద్రంలో విసిరేస్తామని ప్రచారం చేసి 1995లో గెలిచిన శివసేన–బీజేపీ కూటమి ఒప్పందాన్ని రద్దు చేసింది, ఆపై కొన్ని నెలలకే ఇంకా పెద్ద కర్మాగారానికి ఒప్పుకొంది. 1996 మే నెలలో పదమూడు రోజులే నిలిచిన వాజపేయి ప్రభుత్వం పోతూ పోతూ దానికి కేంద్రం హామీని ఖాయం చేసింది. అమెరికా వైపు చూసినా అంతే. క్లింటన్ వాణిజ్య మంత్రి రాన్ బ్రౌన్ 1995లో భారత్ వచ్చినప్పుడు కెన్ లే వెంట ఉన్నారు. 2001 జూన్‌లో చెనీ, వాషింగ్టన్ వెళ్లిన సోనియా గాంధీ దగ్గర ఎన్రాన్‌కు రావాల్సిన బాకీల విషయం ఎత్తారు. ఐదు పార్టీలూ ఒకే కంపెనీకి పని చేసిపెట్టాయి.

2002 ఫిబ్రవరి 12న కెన్ లే సెనేట్ వాణిజ్య కమిటీ ముందుకు వచ్చారు. మౌనంగా ఉండే రాజ్యాంగ హక్కును వాడుకుంటానని ముందే చెప్పారు కాబట్టి ప్రశ్నలకు అర్థం లేదు. అయినా సెనేటర్లు ఒకరి తర్వాత ఒకరు గంటకు పైగా ఆయన మొహం మీదే చీవాట్లు పెట్టారు. ఇలినాయ్ రిపబ్లికన్ పీటర్ ఫిట్జ్‌జెరాల్డ్, మిమ్మల్ని జాతరలో జనాన్ని పిలిచే గారడీవాడితో పోలుద్దామంటే అది గారడీవాళ్లకు అన్యాయం చేసినట్టవుతుందన్నారు. లే కదలకుండా విన్నారు. ఎన్రాన్‌పై విచారణ చేపట్టిన మరో సెనేట్ కమిటీకి అధ్యక్షుడు ఎవరంటే, జో లీబర్‌మన్.

ఫలితం మాత్రం ఎవరూ అనుకున్నట్టు రాలేదు. ఏళ్ల తరబడి ఆగిన ఎన్నికల విరాళాల సంస్కరణ బిల్లుకు ఎన్రాన్ ఊపునిచ్చింది, మార్చిలో చట్టమైంది. జూలైలో ఎన్రాన్‌ను మించిన టెలిఫోన్ కంపెనీ వరల్డ్‌కామ్ దివాలా రాగానే, కంపెనీల లెక్కలను, ఆడిటర్లను కట్టడి చేసే సర్బేన్స్–ఆక్స్‌లీ బిల్లుకు సెనేట్‌లో 99 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకం సున్నా. నవంబరు ఎన్నికల్లో ఎన్రాన్ పేరు చెప్పి లాభపడదామనుకున్న డెమొక్రాట్లు సెనేట్‌నే పోగొట్టుకున్నారు. కెన్ లే 2006 మే నెలలో దోషిగా తేలి, శిక్ష పడకముందే జూలైలో చనిపోయారు.

ఎన్రాన్ విచారణలు జరిగిన తొమ్మిదేళ్లకు పాత్రలు తారుమారయ్యాయి. ఒబామా ప్రభుత్వం 53.5 కోట్ల డాలర్ల రుణానికి హామీ ఇచ్చిన సోలిండ్రా అనే సౌర ఫలకాల కంపెనీ 2011 సెప్టెంబరులో దివాలా తీసింది. అధ్యక్షుడు అంతకుముందు ఏడాదే ఆ కర్మాగారానికి వెళ్లి ప్రశంసించి వచ్చారు. ఆయనకు విరాళాలు సేకరించిన ఒక ధనవంతుడి కుటుంబ ఫౌండేషన్‌కు అందులో పెట్టుబడులున్నాయి. ఈసారి విచారణలు పెట్టింది రిపబ్లికన్లు. వాళ్ల అభ్యర్థి మిట్ రోమ్నీ 2012లో మూతపడిన ఆ కర్మాగారం ముందు నిలబడి విలేకరులతో మాట్లాడారు. డెమొక్రాట్ల జవాబు సిద్ధంగానే ఉంది: ఆ రుణ పథకాన్ని తెచ్చింది 2005 నాటి చట్టం, దాని మీద సంతకం జార్జ్ బుష్‌ది.