అది నీకు ఎవరు చెప్పారు?

ప్రియమైన పిల్లలూ,

ఎవరు మంచివాళ్లు, ఎవరితో జాగ్రత్తగా ఉండాలి, ఏ పని గొప్పది, ఏది నామోషీ... ఇలాంటివాటి మీద మీకు ఇప్పటికే గట్టి అభిప్రాయాలు ఉంటాయి. అవి ఎప్పుడు వచ్చాయో చెప్పమంటే మాత్రం చెప్పలేరు. ఆలోచించడం మొదలుపెట్టకముందే, ఇంకా చెప్పాలంటే మాటలు రాకముందే, ఇలాంటివి మనలోకి రావడం మొదలవుతుంది.

1985లో కొందరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏడాది పిల్లల్ని ఒక బల్ల మీద పాకనిచ్చి చూశారు. కొంత దూరం పోయాక బల్ల పైన గాజుపలక, దాని కింద గుంటలాంటి లోతు. గాజు ఉంది కాబట్టి పడరు, కానీ చూడ్డానికి పడతామేమో అనిపిస్తుంది. బిడ్డ అంచు దగ్గర ఆగి అవతలున్న అమ్మ ముఖంలోకి చూస్తుంది. అమ్మ నవ్వుముఖంతో ఉన్నప్పుడు 19 మందిలో 14 మంది దాటేశారు. భయపడ్డట్టు ముఖం పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. అమ్మ నోరు విప్పి ఒక్క మాటా అనలేదు.

పెద్దవాళ్లు కూర్చోబెట్టి చెప్పే నీతుల కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం. ఫలానా వాళ్ల పేరు వినగానే నాన్న ముఖం చిట్లిస్తాడు. ఎవరో రాగానే అమ్మ గొంతు మారిపోతుంది. పిల్లలు అన్నీ కనిపెడతారు. ఇందులో తప్పేం లేదు. ఇలా నేర్చుకోకపోతే నిప్పు కాలుతుందని తెలియడానికి ప్రతి బిడ్డా చెయ్యి కాల్చుకోవాల్సిందే. చిక్కేమిటంటే, నిప్పంటే భయమూ, కొందరు మనుషులంటే అనుమానమూ ఒకే దారిన లోపలికి వస్తాయి. వచ్చాక రెండూ ఒకేలా నిజమనిపిస్తాయి. అందుకే ఇంట్లో ‘ఎందుకు?’ అని అడగండి. అది ఎదురు చెప్పడం కాదు. కొన్నిటికి మంచి కారణాలే దొరుకుతాయి. కొన్నిటికి ‘మా పెద్దవాళ్లు అలా అనేవాళ్లు’ అన్న జవాబు తప్ప ఇంకేమీ రాదు. ఆ తేడా తెలిస్తే చాలు, కోపం తెచ్చుకోనక్కర్లేదు.

మీ వయసుకు వచ్చేసరికి స్నేహితుల మాటకు బలం పెరుగుతుంది. 1950ల్లో సోలమన్ యాష్ అనే శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులకు ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానంత పొడవున్నది ఏదని అడిగాడు. గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్లంతా ముందే అనుకుని వచ్చినవాళ్లు. ఒకరి తర్వాత ఒకరు అదే తప్పు జవాబు చెబుతారు. విడిగా అడిగితే దాదాపు ఎవరూ తప్పు చెప్పని ప్రశ్న అది. అయినా నూటికి 75 మంది ఒక్కసారైనా గుంపుతో పాటు తప్పు చెప్పారు. కొందరు తమ చూపులోనే లోపం ఉందనుకున్నారు. కొందరికి తప్పని తెలుసు, కానీ నలుగురిలో వేరుగా కనబడాలంటే టెన్షన్. గీతల దగ్గరే ఇలా అయితే, మనుషుల మంచిచెడ్డల దగ్గర ఎలా ఉంటుందో ఆలోచించండి.

యాష్ ఆ తర్వాత చేసింది మీరు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. గుంపులో ఒక్కణ్ణి, ఒకే ఒక్కణ్ణి, సరైన జవాబు చెప్పమన్నాడు. అంతే, గుంపుకు లొంగి తప్పు చెప్పడం నాలుగో వంతుకు పడిపోయింది. కాబట్టి మీ జట్టులో ఎవరైనా బిక్కుబిక్కుమంటూ వేరే మాట అంటే, మీకూ అదే నిజమనిపిస్తే, అప్పుడే, అందరూ వింటుండగా ఆ మాట అనండి. అంతా అయ్యాక పక్కకు పిలిచి ‘నాకూ అలాగే అనిపించిందిరా’ అంటే, అప్పటికే అతను తన జవాబు మార్చేసుకుని ఉంటాడు.

ప్రేమతో,
మీ తాతయ్య