ఎర్ర వంతెనకు ఎరుపు ఎక్కడిది?

తెనాలి,
ఆదివారం

చిరంజీవులు బుజ్జికి, చింటూకి తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి. (ఈ మాటకు అర్థం మీ నాన్నను అడగండి. వాడికీ తెలియకపోతే నాకు ఫోన్ చేయమనండి.)

మొన్న మీరు పంపిన బొమ్మ చూశాను. కొండల మధ్య ఏరు, ఏటి మీద ఎర్రటి వంతెన, వెనకాల చెట్లు. అడుగున తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక నంబరు, జపాన్‌లోని నిక్కో అనే ఊరి పేరు. చింటూ ఏమో "1880లలో కలర్ ఫోటోలే లేవు, ఇది కంప్యూటర్లో చేసిన దొంగ ఫోటో" అన్నాడట. బుజ్జి ఏమో "మ్యూజియం వాళ్లే పెట్టాక దొంగదెలా అవుతుంది" అందట. తగువు తెగక నా దగ్గరికి పంపారు.

ఇద్దరూ సగం సగం గెలిచారు. ఫోటో అసలుదే. రంగూ ఆనాటిదే. కాకపోతే ఆ రంగు కెమెరా తీసింది కాదు, ఒక మనిషి ముందు కూర్చుని కుంచెతో పూసింది. ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటే, బ్యాంకు ఉద్యోగం రాకముందు మూడేళ్లు నేనూ ఆ పనే చేశాను. ఇక్కడే, ఒక స్టూడియోలో. పెళ్లి ఫోటోలకు, షష్టిపూర్తి ఫోటోలకు, గోడకు వేలాడదీసే పెద్దవాళ్ల ఫోటోలకు రంగులు అద్దేవాణ్ని. మీ నాయనమ్మకు తప్ప ఇంట్లో ఎవరికీ ఈ సంగతి పెద్దగా గుర్తులేదు.

ముందు ఆ వంతెన సంగతి. దాని పేరు షింక్యో, అంటే పవిత్రమైన వంతెన. దైయా అనే ఏటి మీద ఉంది. ఆ రోజుల్లో మామూలు జనం దాని మీద నడవకూడదు. దేశాన్ని ఏలే సేనాధిపతి షోగన్‌కీ, చక్రవర్తి పంపిన దూతలకీ మాత్రమే దారి, మిగతావాళ్లకు పక్కన వేరే వంతెన. అసలు వంతెన ఎర్రటిదే, అందులో అబద్ధం లేదు. చిత్రం ఏమిటంటే, ఆనాటి కెమెరాకు ఎరుపు కనపడదు.

అదెలాగో చెబుతాను. అప్పట్లో ఫిల్మ్ లేదు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురుద్రవం పోసి, దాన్ని వెండి ఉప్పు నీళ్లలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, తడి ఆరకముందే కడగాలి. కొండ మీద ఫోటో తీయాలంటే చీకటి గుడారం, గాజు పలకలు, మందు సీసాలు అన్నీ కూలీల చేత కొండెక్కించాల్సిందే. ఇంత కష్టపడి తీసినా ఆ పలక మీద నీలం కాంతే బాగా పనిచేస్తుంది, ఎరుపు దాదాపు పనిచేయదు. అందుకని ఎర్ర వంతెన నల్లగా పడుతుంది. ఆకాశం నీలం కదా, అదేమో ఒట్టి తెల్లకాగితంలా తేలిపోతుంది, మబ్బు తునక కూడా మిగలదు. అంటే మీ బొమ్మలో ఆ వంతెన ఎరుపు, ఆ ఆకాశం నీలం, రెండూ కెమెరా వల్ల కానివే. కెమెరా వదిలేసిన చోటునే మనిషి పట్టుకున్నాడన్నమాట.

బొమ్మను ఇంకోసారి పెద్దది చేసి చూడండి. ఏట్లో నీళ్లు నీళ్లలా ఉండవు, పొగమంచు పరిచినట్టు ఉంటాయి. అప్పట్లో కెమెరా కన్ను కొన్ని సెకన్లపాటు తెరిచి ఉంచాల్సి వచ్చేది. ఆ కాసేపట్లో పారే నీళ్లు ఒకదాని మీద ఒకటి పడి అలా అలుక్కుపోతాయి. దారిన పోయే మనుషులైతే దయ్యాల్లా సగం సగం పడతారు.

కాగితం కథ ఇంకా తమాషా. ఈ ఫోటోలన్నీ కోడిగుడ్డు మీద అచ్చయినవే! గుడ్డులోని తెల్లసొనను గిలక్కొట్టి, ఉప్పు కలిపి, పలచటి కాగితానికి పట్టించేవారు. తర్వాత వెండి మందు పూసి, గాజు నెగెటివ్ కింద పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ తేలేది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఈ కాగితం తయారుచేసే ఫ్యాక్టరీ ఒక్కటే 1880లలో రోజుకు 60,000 గుడ్లు పగలగొట్టేదట. మరి పచ్చసొన ఏం చేసేవారు అని బుజ్జి అడుగుతుంది, నాకు తెలుసు. తోలు పదును పెట్టేవాళ్లకు అమ్మేవారట. తెల్లసొన వల్ల కాగితం నున్నగా, మెరుస్తూ ఉంటుంది. నాళ్లు గడిచేకొద్దీ పసుపు పచ్చగా మారేదీ దాని వల్లనే. అందుకే పాత ఫోటోలు టీ ఒలికినట్టు ఉంటాయి.

ఇక జపాన్‌లోనే ఇంత రంగుల వ్యాపారం ఎందుకు పుట్టిందంటారా? యొకొహామా రేవును 1859లో విదేశీయులకు తెరిచారు. 1868లో షోగన్ల పాలన పోయి మెయిజీ చక్రవర్తి కాలం మొదలైంది, 1912 దాకా సాగింది. 1869లో ఇటు సూయెజ్ కాలువ తెరిచారు, అటు అమెరికాను అడ్డంగా దాటే రైలు పూర్తయింది. దాంతో డబ్బున్నవాళ్లకు ప్రపంచం చుట్టి రావడం ఒక సరదా అయిపోయింది. ఓడలు యొకొహామాలో ఆగేవి. దిగినవాళ్ల చేతుల్లో కెమెరాలు లేవు, మరి ఇంటికి వెళ్లి చూపించడానికి ఏదో ఒకటి కావాలి కదా. దుకాణానికి వెళ్లి నంబర్లు చూసి ఫోటోలు ఎంచుకునేవారు. మీ బొమ్మ అడుగున ఉన్న నంబరు అదే. యాభయ్యో వందో ఎంచుకుంటే ఆల్బమ్ కట్టి ఇచ్చేవారు. నల్లగా నిగనిగలాడే అట్ట, దాని మీద బంగారు పొడితో కొంగలు, పూలకొమ్మలు. ఆ మెరుపు మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్క లాంటిదే అనుకునేరు. మనది లక్కపురుగు ఇచ్చేది, వాళ్లది ఒక చెట్టు పాలు.

ఈ వ్యాపారానికి పునాది వేసింది ఫెలీచే బియాతో అనే ఇటాలియన్. 1857 తిరుగుబాటు అణిచేశాక లక్నో శిథిలాలను ఫోటోలు తీసింది ఆయనే. 1863లో యొకొహామా చేరాడు. 1866లో ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి, తీసినవన్నీ బూడిదయ్యాయి. మళ్లీ దేశం తిరిగి తీసి, 1868కల్లా రెండు సంపుటాల ఆల్బమ్ తెచ్చాడు. రంగులు వేయడానికి జపాన్ చిత్రకారులనే పెట్టుకున్నాడు. అదీ ఆయన తెలివి! అప్పటికే ఆ దేశంలో చెక్క అచ్చులతో రంగుల బొమ్మలు వేసే కళ ఎంతో ఎత్తున ఉంది. ఆకాశం పైన ముదురు నీలంతో మొదలై, కిందికి వచ్చేసరికి కరిగిపోయి తెలుపులో కలవడం ఉంటుంది చూశారూ, దాన్ని బొకాషీ అంటారు. అచ్చు బొమ్మల పనితనం అది. ఫోటోల ఆకాశాల్లోకి నేరుగా దిగిపోయింది. ఫుజి కొండ ఫోటోలు నాలుగైదు వెతికి చూడండి, చాలావాటిలో కనిపిస్తుంది.

బియాతో దగ్గర రంగులు వేస్తూ పని నేర్చుకున్నవాడే కుసకాబే కింబే. 1881లో సొంత దుకాణం పెట్టి గురువునే మించిపోయాడు. నన్నడిగితే ఈ మొత్తం కథలో నాకు ఇష్టమైన మనిషి ఆయనే. కుంచె పట్టినవాడు కెమెరా పట్టాడు గనక, ఎక్కడ రంగు పడుతుందో తీసేటప్పుడే తెలుసు ఆయనకు.

అదోల్ఫో ఫర్సారీ అని ఇంకో ఇటాలియన్ ఉన్నాడు. 1885లో స్టూడియో కొన్నాడో లేదో, 1886లో అదీ కాలిపోయింది. ఐదు నెలలు జపాన్ అంతా తిరిగి మళ్లీ అన్నీ తీశాడు. ఆయన దగ్గర ఒక్కో చిత్రకారుడు రోజుకు రెండో మూడో ఫోటోలకు మించి వేసేవాడు కాదు. ఈ మాట చదివినప్పుడు నాకు కడుపు మండింది. నా చేత రోజుకు పది వేయించేవారు! మరీ పెద్ద లెక్క కావాలంటే తమమురా కోజబురోది ఉంది. 1896లో బోస్టన్ ప్రచురణకర్త ఒకాయన పుస్తకాల్లో అంటించడానికి రంగులద్దిన ఫోటోలు కావాలని పది లక్షల పైచిలుకు ఆర్డరిస్తే, 350 మంది చిత్రకారులను పెట్టుకున్నాడని ఆనాటి మాట. ఆ 350 మందిలో ఒక్కరి పేరూ ఫోటో మీద లేదు. పేరంతా దుకాణం యజమానిదే.

రంగు ఎలా వేస్తారో నా అనుభవంతో చెబుతాను. రంగు పలచగా ఉండాలి, కింద ఉన్న నీడలు కనపడాలి. ఫోటోలో నీడలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి మళ్లీ నీడలు గీయక్కర్లేదు. పుల్లకు దూది చుట్టి బుగ్గల మీద అద్దితే చాలు, మొహానికి ప్రాణం వచ్చేది. కష్టమంతా నల్లటి చోట్లతోనే. నలుపు మీద పలచటి రంగు ఎన్నిసార్లు పూసినా తాగేస్తుంది. మీ వంతెన లాంటి దానికి దట్టంగా పూయక తప్పదు. అందుకే చూడండి, చెట్ల ఆకుపచ్చ ఫోటోలో కలిసిపోయింది గానీ వంతెన ఎరుపు మాత్రం పైన అంటించినట్టు తేలుతోంది.

మరి ఏది ఏ రంగో వేసేవాడికి ఎలా తెలుస్తుంది? మా దగ్గర ఫోటో వెనకాల పెన్సిల్‌తో రాసేవారు: చీర ఫలానా, జాకెట్టు ఫలానా అని. ఒకసారి ఆ చీటీ రాయడం మర్చిపోయారు. పెళ్లికూతురి ఫోటో. నేను నా ఇష్టానికి చిలకపచ్చ చీర వేశాను, ఎర్ర అంచు పెట్టి. పెళ్లికూతురి తల్లి వచ్చి "మాది వంకాయ రంగు చీరయ్యా, చిలకపచ్చ ఎక్కడిది" అని దుకాణం ఎగిరిపోయేలా అరిచింది. తుడిచి వేసేంత టైం లేదు, రేటు తగ్గించి ఇచ్చేశారు. నా జీతంలోనే కోత పడింది, అది వేరే సంగతి. పాతికేళ్ల తర్వాత ఆ పెళ్లికూతురే మా బ్యాంకుకు వచ్చి మాటల్లో పెట్టి, "నా పెళ్లి చీర చిలకపచ్చ, ఎర్ర అంచు, ఇప్పటికీ కళ్లముందు ఉంది" అంది. నేను నోరు మెదపలేదు.

యొకొహామాలోనూ అదే జరిగింది, కాకపోతే ఒక దేశానికి జరిగింది. ఒకే నెగెటివ్ నుంచి వచ్చిన రెండు ఫోటోల్లో ఒకదాంట్లో కిమోనో ఎర్రగా, ఇంకోదాంట్లో నీలంగా ఉండేవి బోలెడు దొరుకుతాయి. చెరీ పూలు నిజానికి దాదాపు తెలుపు, లేత గులాబీ. ఫోటోల్లో మాత్రం ముద్దగులాబీ. కొన్నవాళ్లు ఇళ్లకు వెళ్లి చూసి చూసి, తాము చూసిన జపాన్ అదేననుకున్నారు. ఇంకో సంగతి. 1872లోనే యొకొహామాకు, టోక్యోకు మధ్య రైలు నడిచింది. 1876లో సమురాయ్‌లు కత్తి పట్టి తిరగకూడదని చట్టం వచ్చింది. అయినా స్టూడియోల్లో కవచాలు తొడిగించి, కత్తులిచ్చి ఫోటోలు తీసి ఆ తర్వాత కూడా అమ్మారు. దిగిన వాళ్లలో చాలామంది కిరాయికి వచ్చినవాళ్లే. కొనేవాడు పాత జపాన్ అడిగాడు, అమ్మేవాడు అదే ఇచ్చాడు. నాకు అందులో పెద్ద తప్పు కనపడదు గానీ, చూసేవాడికి ఆ సంగతి తెలిసి ఉండాలి.

అన్నీ అమ్మకానికే అనుకోకండి. 1871లో యొకొయామా మత్సుసబురో అనే ఫోటోగ్రాఫర్ ఎదో (టోక్యోకు పాత పేరు) నగరంలోని పాత కోటను మూలమూలలా ఫోటోలు తీశాడు. షోగన్లు పోయాక పట్టించుకునేవాళ్లు లేక ఆ కోట గోడలు పెచ్చులూడి, కప్పుల మీద గడ్డి మొలిచింది. అది పూర్తిగా పోకముందే నమోదు చేద్దామని ఒక ప్రభుత్వ ఉద్యోగి పూనుకున్నాడు. వాటికి రంగులు వేసింది తకహాషీ యుఇచీ, తర్వాత జపాన్‌లో తైలవర్ణ చిత్రాలకు ఆద్యుడిగా పేరు తెచ్చుకున్నాయన. ఆ ఫోటోల్లో ముద్దగులాబీలు ఉండవు. మట్టి మట్టిగా, సున్నం సున్నంగా ఉంటాయి. యాత్రికుల ఆల్బమ్‌ల పక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

మీరు చూడాల్సినవి ఇంకో రెండు చెప్పి ఆపుతాను, కరెంటు పోయేలా ఉంది. కమకురాలో కంచు బుద్ధుడు, 11 మీటర్ల పైన ఎత్తు, 13వ శతాబ్దం నాటిది. ఆ ఫోటోల్లో బుద్ధుడి చేతుల మీద ఎక్కి కూర్చున్న టోపీ దొరలు కనిపిస్తారు. మన గుళ్లో ఎవరైనా అలా ఎక్కితే ఏమయ్యేదో ఊహించుకోండి. రెండోది టోక్యో అసకుసాలో 12 అంతస్తుల ఇటుక బురుజు. 1890లో కట్టారు, జపాన్‌లో మొదటి కరెంటు లిఫ్టు పెట్టింది దాంట్లోనే. 1923 భూకంపంలో పైభాగం విరిగిపడింది, మిగిలింది కూల్చేశారు. యొకొహామా కూడా అదే భూకంపంలో తగలబడింది. విదేశాలకు అమ్ముడుపోయిన ఆల్బమ్‌లే ఇప్పుడు మళ్లీ జపాన్‌కు తిరిగి చేరుతున్నాయి. నాగసాకి యూనివర్సిటీ లైబ్రరీ అలాంటివి వేలకొద్దీ పోగుచేసి అందరూ చూసేలా పెట్టింది.

అన్నట్టు, మీ ఫోటోలో ఉన్న వంతెన ఇప్పుడు లేదు. 1902 వరదలో కొట్టుకుపోయింది. ఇప్పుడున్నది 1904లో మళ్లీ కట్టింది, అదీ ఎర్రదే.

సెలవులకు వచ్చేటప్పుడు ఆ బొమ్మ రంగు తీసేసి, నలుపు తెలుపులో రెండు మూడు ప్రింట్లు తీయించుకు రండి. మెరిసే కాగితం వద్దు, దాని మీద రంగు నిలవదు. నా కుంచెలు అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయి. రంగు డబ్బాలు మాత్రం ఎండిపోయి ఉంటాయి, ముఖ్యంగా ఎరుపు. అదొకటి కొని పట్టుకురండి.

మీ తాతయ్య