పదహారు బారల తాడు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, బోట్లన్నీ ఒడ్డు మీదే ఉంటాయి, మనుషులు కూడా కాస్త తీరికగా దొరుకుతారు. నిషేధం మొదలైన వారంలోనే శ్రీకాకుళం జిల్లా భావనపాడు దగ్గర ఒక ఊళ్ళో పిల్లలకి తిమింగలాల గురించి చెప్దామని వెళ్ళాను. చేతిలో సిటీ నుంచి ఎవరో పంపిన పోస్టర్ ఉంది, మంచుగడ్డల మధ్య నలుపూ తెలుపూ ఒంటి ఓర్కా తిమింగలం ఎగురుతున్న బొమ్మ. ఈ ఇసకలో పుట్టిపెరిగిన పిల్లలకి ఆ మంచు చూపించి ఏం చెప్తాం చెప్పండి, చుట్టచుట్టి పక్కన పడేశా.

తిమింగలం చేపేనా అని అడిగా. పిల్లలకంటే ముందు పక్కన వల బాగుచేసుకుంటున్న తాత అందుకున్నాడు, "నీల్లల్లో ఉంటాది, ఈదతాది, సేప కాక మరేటి మాస్టారూ?"

"మరి నీ వల్లో పడే చేప తోక నిలువుగా ఉంటుందా, అడ్డంగానా తాతా?"

"నిలువే."

"డాల్ఫిన్‌ది?"

ఆయన ఏం మాట్లాడలేదు, అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి పైకీ కిందకీ ఊపాడు. నేను పావుగంట చెప్పాలనుకున్నది ఆ చేతిలో తేలిపోయింది. చేప పక్కలకి ఊగుతూ ఈదుతుంది, తిమింగలం, డాల్ఫిన్ మాత్రం కుక్క పరిగెత్తేటప్పుడు నడుం ఎలా వంగి లేస్తుందో అలా పైకీ కిందకీ ఊగుతాయి, ఎందుకంటే వాటి ముత్తాతలు నేల మీద నాలుగు కాళ్ళతో తిరిగినవే. జమ్ము కశ్మీర్‌లో కాలాకోట్ దగ్గర ఎ. రంగారావు అనే జియాలజిస్టు పోగుచేసిన రాళ్ళల్లో ఇండోహ్యూస్ అనే చిన్న జంతువు ఎముకలు దొరికాయి, సుమారు 4.8 కోట్ల ఏళ్ళ నాటివి, చూడ్డానికి బుల్లి జింకలా ఉండేది. దాని చెవి ఎముక లోపలిగోడ తిమింగలాలకి ఉన్నట్టే దళసరిగా ఉందని 2007లో బయటపెట్టారు. తిమింగలాల చుట్టం మన దేశం రాళ్ళల్లోనే దొరికిందన్నమాట.

ఈ తోక లెక్క ఇంకోచోట కూడా పనికొస్తుంది. మన పేపర్లలో వేల్ షార్క్ కొట్టుకొస్తే కూడా తిమింగలం అనే రాసేస్తారు, నాకు ఒళ్ళుమండిపోద్ది. అది సొర, మొప్పలతో ఊపిరి తీసుకునే చేప, లోకంలో అన్ని చేపలకంటే పెద్దది, వీపంతా తెల్ల మచ్చలు, తోక నిలువు. మనుషుల్ని ఏం చెయ్యదు, సన్నటి జీవాల్ని నీళ్ళతోపాటు వడగట్టుకు తింటుంది. గుజరాత్‌లో ఒకప్పుడు దాని లివర్ నూనె కోసం తెగ వేటాడేవాళ్ళు. 2001లో దాన్ని వన్యప్రాణి చట్టం కిందకి తెచ్చి వేట ఆపమన్నారు సరే, కానీ ఊళ్ళల్లో మాట మారింది 2004లో, రామకథ చెప్పే మొరారీ బాపు అది పుట్టింటికి పురుడుకొచ్చిన ఆడపిల్లలాంటిదని చెప్పడం మొదలెట్టాకే. ఆ తర్వాత మత్స్యకారులే వల కోసి వదిలేసేవాళ్ళు, వల నష్టానికి ప్రభుత్వం డబ్బులిచ్చేది. ఆ డబ్బు సంగతి మర్చిపోయి ఒట్టి స్పీచులిచ్చే వాళ్ళ మాట ఎవరు వింటారండీ.

సరే తాడు సంగతి. 2023 జూలైలో సంతబొమ్మాళి మండలం తీరానికి ఒక తిమింగలం చచ్చి కొట్టుకొచ్చింది, పాతిక అడుగుల నీలి తిమింగలం అని రాశారు. పిల్లల్లో చాలామందికి గుర్తుంది, ఒకడు సెల్ఫీ కూడా చూపించాడు. బోటు తాడు ఒకటి అడిగి తీసుకుని తాతనే రెండు చేతులూ బార చాపి కొలవమన్నా. బాగా ఎదిగిన నీలి తిమింగలం ముప్పై మీటర్ల దాకా ఉంటుంది, అంటే పదహారు బారలు. తాడు పరిచాం, ఒక చివర నుంచి రెండో చివరకి పిల్లలు పరిగెడుతూనే ఉన్నారు. మరి మనూరి వైపు వచ్చింది ఎంత? పాతిక అడుగులంటే ఏడున్నర మీటర్లు, నాలుగు బారల దగ్గర ఒక చెప్పు పెట్టాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నీలి తిమింగలం పుట్టినప్పుడే ఏడు మీటర్లుంటుంది, కాబట్టి పేపర్ల మాట నిజమైతే వచ్చింది పాలు తాగే పిల్ల. అదే పోలికలో ఉండే బ్రైడ్స్ అనే ఇంకో రకం తిమింగలం అయ్యుంటే ఇంకో లెక్క, అది పెద్దదైనా సుమారు పదిహేను మీటర్లే. తేడా తల మీదే ఉంటుంది, నీలిదానికి ముక్కు ముందు ఒకటే గట్టు, బ్రైడ్స్‌కి మూడు. అందుకే సెల్ఫీ బదులు దాని తల ఫొటో తియ్యండ్రా అన్నాను, కానీ దూరం నుంచే, చచ్చినదాని లోపల గ్యాస్ నిండి ఒక్కోసారి పగులుతుంది కూడా.

బతికున్నది ఒడ్డెక్కితే మనవాళ్ళు తోక పట్టి లాగుతారు, నెత్తి మీద నీళ్ళు కుమ్మరిస్తారు, రెండూ తప్పే. నడినెత్తి మీదున్న బొక్కే దాని ముక్కు, నీళ్ళు పోస్తే ఊపిరాడదు. తడిగుడ్డలు ఒంటి మీద కప్పాలి, ఆ బొక్క మాత్రం వదిలెయ్యాలి, జనాన్నీ కుక్కల్నీ దూరం తోలాలి, ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చెయ్యాలి. నీళ్ళల్లో తేలే ఒళ్ళు ఒడ్డుమీద తన బరువు తానే మోయలేదు, కొవ్వు వల్ల వేడి కూడా బయటకి పోదు, అందుకే టైం తక్కువ.

"సార్, తిమింగలం వాంతి కోట్లంట కదా" అన్నాడొకడు, ఈ వీడియోలు పాడుగాను. వాళ్ళు వాంతి అంటున్నది అంబర్‌గ్రిస్ అనే మైనంలాంటి ముద్ద, స్పెర్మ్ తిమింగలం అనే ఇంకో రకం పేగుల్లో తయారయ్యేది, నీలిదాని కడుపు కోసినా ఏమీ ఉండదు, దొరికినా మన దేశంలో అమ్మితే కేసే.

చివర్లో ఒక పాప అడిగింది, నీళ్ళల్లో పాలెలా తాగుతాది సార్, కలిసిపోవా అని. తల్లే పిల్ల నోట్లోకి చిమ్ముతుంది, ఆ పాలు మీగడకంటే చిక్కగా ఉంటాయి, అవి తాగి నీలి తిమింగలం పిల్ల రోజుకి తొంభై కిలోల దాకా పెరుగుతుంది అన్నాను. నాలుగు బారల దగ్గరున్న చెప్పు ఆ పాపదే, వేసుకుని వెళ్ళిపోయింది, తాత తాడు చుట్టుకోవడం మొదలెట్టాడు.