స్పీకర్లు పెంచితే స్టేడియం హోరెత్తదు: ఫుట్‌బాల్ సందడిపై అపోహలు – వాస్తవాలు

ఏదైనా క్లబ్ నుంచి మొదటిసారి ఫోన్ వచ్చిందంటే ప్రశ్న ఏమిటో నాకు ముందే తెలుసు. "మా స్టేడియం చాలా చప్పగా ఉంటోందండీ. సౌండ్ సిస్టమ్ మార్చాలంటే ఎంతవుతుంది?" స్టేడియంలలో శబ్దం సంగతి చూడటం నా పని. పైకప్పుకు ఏ రేకు వేయాలన్న దగ్గర్నుంచి మ్యాచ్ రోజు ఏ స్టాండ్‌లో ఎవరిని కూర్చోబెట్టాలన్న దాకా అన్నీ వస్తాయి. స్పీకర్లు పెట్టించి బిల్లు రాస్తే నాకు లాభమే. అయినా ముందు వద్దనే చెబుతాను. ఎందుకు వద్దంటానో ఒకసారి వివరంగా రాసిపెడితే ప్రతి ఫోన్‌లోనూ మొదటి నుంచి మొదలుపెట్టే బాధ తప్పుతుందని ఇది రాస్తున్నాను.

అపోహ: జనం అరవకపోతే స్పీకర్లతో ఊపు తెప్పించవచ్చు

క్లబ్బుల డబ్బు ఎక్కువగా తగలబడేది ఇక్కడే. అందుకే ఎక్కువసేపు దీని గురించే మాట్లాడతాను.

శబ్దం తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. గొంతు చించుకుని అరిచే మనిషి శబ్దం మీటరు దూరంలో 90 డెసిబెల్‌ల దగ్గర ఉంటుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. అంటే 16 మీటర్ల అవతల ఉన్నవాళ్లకు అది 66కు పడిపోతుంది. స్టాండ్‌లో పాట పుట్టేది ఇలాంటి గొంతుల నుంచే. ఒక మూల పది మంది ఎత్తుకుంటారు, చుట్టూ ఉన్న యాభై మంది అందుకుంటారు, అక్కణ్నుంచి వరుస వరుసకూ పాకుతుంది. ఆ మొదటి కొన్ని సెకన్లే కీలకం. ఆ సమయంలో పీఏ సిస్టమ్‌లో, అంటే స్టేడియం స్పీకర్లలో, పాటలు 90 దాటి మోగుతుంటే పది మంది గొంతు నాలుగు వరుసలు కూడా దాటదు. అక్కడే చచ్చిపోతుంది.

తర్వాత జరిగేది ఇంకా ఘోరం. కిక్-ఆఫ్‌కు మ్యూజిక్ ఆపేస్తారు. అప్పటిదాకా ఎవరూ ఏదీ మొదలుపెట్టలేదు కాబట్టి స్టేడియం ఒక్కసారిగా మూగబోతుంది. అది చూసి మేనేజ్‌మెంట్ "మావాళ్లకు ఉత్సాహం లేదు" అని తేల్చేసి, తర్వాతి మ్యాచ్‌కు వాల్యూమ్ ఇంకాస్త పెంచుతుంది.

ఒక క్లబ్‌లో ఇది కళ్లారా చూశాను. శబ్దం కొలిచే మీటర్ పట్టుకుని గోల్‌పోస్ట్ వెనక స్టాండ్‌లో నిలబడ్డాను. పక్కనే కొందరు కుర్రాళ్లు డ్రమ్ తెచ్చుకున్నారు. పాట ఎత్తుకుని రెండో లైన్‌కు వచ్చేసరికి స్పాన్సర్ ప్రకటన. మళ్లీ ఎత్తుకుంటే లక్కీ డ్రా నంబర్లు. మూడోసారి అనౌన్సర్ స్వయంగా "ఏదీ, మీ గొంతు వినిపించండి!" అని అరిచి, వాళ్ల గొంతు వినిపించకుండా చేశాడు. కుర్రాళ్లు డ్రమ్ కింద పెట్టి ఫోన్లు తీశారు. పైన అద్దాల గదిలో ఉన్న అధికారి నాతో అన్న మాట: "చూశారుగా, మావాళ్లు పాడరండీ."

ఒక్క మ్యాచ్‌కు నా మాట వినమన్నాను. కిక్-ఆఫ్‌కు ముందు చివరి పదిహేను నిమిషాలు మ్యూజిక్ వద్దు, ప్రకటనలు వద్దు, జట్టు పేర్లు చదివితే చాలు. ఆయనకు టెన్షన్. టీవీలో బాగుండదని, స్పాన్సర్లు అడుగుతారని. ఆ భయం నాకు అర్థమవుతుంది, ఉద్యోగం పోయేది ఆయనదే కదా. ఆ రోజు మొదటి ఐదు నిమిషాలు నిజంగానే ఇబ్బందిగా గడిచాయి, దగ్గులు కూడా వినిపించాయి. తర్వాత డ్రమ్ మొదలైంది. అద్భుతమేమీ జరగలేదు, పాడింది ఒక మూల మాత్రమే. కానీ విజిల్ మోగాక కూడా ఆ పాట ఆగలేదు. స్పీకర్ ఎంత ఖరీదైనదైనా ఆ పని చేయలేదు.

గోల్ పడగానే వేసే మ్యూజిక్‌దీ ఇదే కథ. మొత్తం మ్యాచ్‌లో జనానికి ఎవరి సాయమూ అక్కర్లేని క్షణం ఏదైనా ఉందంటే అదే. సరిగ్గా అప్పుడే వాళ్ల కేకల మీద రికార్డు పాట కప్పేస్తారు. కనీసం అర నిమిషం ఆగండి.

"2020లో కోవిడ్ వల్ల ఖాళీ స్టేడియంలలో ఆడినప్పుడు రికార్డు చేసిన హోరు పనిచేసింది కదా" అని వాదించేవాళ్లున్నారు. అది ఇంట్లో టీవీ చూసేవాళ్ల కోసం. ఇంగ్లండ్ ప్రసారాల్లో వీడియో గేమ్ కోసం తయారుచేసిన శబ్దాలనే కలిపారు. స్టాండ్‌లో నిలబడ్డ మనిషిని పాడించడం వేరే పని.

ఇక క్లాపర్లు. 2015–16లో లెస్టర్ సిటీ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు వాళ్ల స్టేడియంలో సీటు సీటుకీ చేతికేసి కొడితే చప్పుడు చేసే అట్ట క్లాపర్ ఉండేది. అది చూసి అందరికీ అవే కావాలి. లెస్టర్ జనం ఊగిపోయింది ఎవరూ ఊహించని జట్టు టైటిల్ వైపు పోతోందని, అట్టముక్క చూసి కాదు. క్లాపర్ స్పీకర్ కంటే నయమే, కనీసం మనిషి చెయ్యి కదులుతుంది. కానీ తలో తాళం వేస్తుంటే వచ్చేది చిటపటలే. దానికింద పాట వినిపించదు.

మరి ఏం చేయాలి? పాడేవాళ్లను ఒకచోట చేర్చాలి. ఇంతే. పాడేవాళ్ల సంఖ్య రెట్టింపైతే మీటర్‌లో పెరిగేది 3 డెసిబెల్‌లు. పది రెట్లైతే 10, చెవికి అది సుమారు రెండింతలుగా తోస్తుంది. ఈ లెక్కన మొత్తం జనాన్ని పాడించాలని పాకులాడటం దండగ. ఐదు వందల మంది స్టేడియం నిండా విడివిడిగా కూర్చుంటే ఐదు వందల మంది బిడియస్థులు. వాళ్లే ఒక బ్లాక్‌లో భుజం భుజం కలిపితే ఒక కోరస్. పక్కవాడు పాడితేనే మనిషి నోరు తెరుస్తాడు. మనలో చాలామందిమి అంతే.

జర్మనీలోని డార్ట్‌మండ్ క్లబ్ స్టేడియంలో దక్షిణ స్టాండ్ ఒక్కదాంట్లోనే దాదాపు 25 వేల మంది నిలబడతారు. 2019లో తెరిచిన లండన్ క్లబ్ టాటెన్‌హామ్ కొత్త స్టేడియంలో 17,500 సీట్ల స్టాండ్‌ను అంతస్తులుగా విడగొట్టకుండా ఒకే వాలుగా కట్టింది ఇందుకే. అంత డబ్బు లేని క్లబ్బులు యూనియన్ బెర్లిన్‌ను చూడాలి. 22 వేల మంది పట్టే ఆ స్టేడియంలో సీట్లు నాలుగు వేల లోపే, మిగతా అంతా నిలబడే చోటు. 2008–09లో దాన్ని పునర్నిర్మించినప్పుడు అభిమానులే వచ్చి పని చేశారు.

చిక్కు ఒకటుంది. గోల్ వెనక ఏళ్ల తరబడి అదే సీట్లో కూర్చుంటున్న పెద్దాయనను లేవమంటే ఊరుకోడు, ఊరుకోవాల్సిన అవసరమూ లేదు. అందుకే నేను ఖాళీగా ఉండే మూల బ్లాక్‌తో మొదలుపెట్టమంటాను. పై వరుసలు, పైకప్పు కింద. టికెట్ కాస్త చవగ్గా, సీటు నంబర్ పట్టింపు లేకుండా, స్నేహితులంతా కలిసి కొనుక్కునేలా. ఒక సీజన్ ఓపిక పట్టాలి. ఈ మాట దగ్గరే సగం మంది ఫోన్ పెట్టేసి స్పీకర్ల కంపెనీకి చేస్తారు.

అపోహ: స్టేడియం ఎంత పెద్దదైతే హోరు అంత

ఇటలీ క్లబ్ యువెంటస్ దాదాపు 70 వేల సీట్ల డెల్లే ఆల్పి స్టేడియంలో ఆడేది. చుట్టూ రన్నింగ్ ట్రాక్, జనానికీ ఆటకూ మధ్య బోలెడు దూరం, సగం ఖాళీ సీట్లు. 2011లో అదే చోట 41 వేల పైచిలుకు సీట్లతో, ట్రాక్ లేకుండా కొత్తది కట్టుకున్నారు. సీట్లు తగ్గాయి, సందడి పెరిగింది. లండన్ క్లబ్ వెస్ట్ హామ్ అభిమానులు 2016లో ఒలింపిక్ స్టేడియానికి మారినప్పటి నుంచీ చేస్తున్న ఫిర్యాదు కూడా ఈ దూరం గురించే.

అపోహ: పైకప్పు వేస్తే చాలు

ఏ పైకప్పు? గట్టి రేకు, కాంక్రీటు శబ్దాన్ని తిప్పి కొడతాయి. పలచటి పొర లాంటి కప్పులోంచి బరువైన శబ్దాలు బయటికి జారిపోతాయి. లోపల శబ్దం పీల్చే లైనింగ్ వేస్తే హోరును అది మింగేస్తుంది. పోనీ లైనింగ్ పూర్తిగా తీసేద్దామా అంటే, ప్రమాదంలో జనాన్ని బయటికి పంపే ప్రకటన మాట మాటా తెలియాలి. ప్రతిధ్వని ఎక్కువైతే అది కలగాపులగమవుతుంది. ఈ బేరంలో భద్రత వాళ్లదే పైచేయి, ఉండాల్సిందీ అలాగే. పాడే స్టాండ్ మీద గట్టి కప్పు ఉంచి, లైనింగ్ మిగతా చోట్లకు పరిమితం చేయగలమా అన్నది డ్రాయింగ్ దశలోనే అడగాలి. కట్టేశాక పిలిస్తే నేను చేయగలిగేది తక్కువ.

అపోహ: స్టేడియం మొత్తం ఒకే తాళంలో పాడాలి

కుదరదు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 105 మీటర్ల మైదానం దాటడానికే 0.3 సెకను పడుతుంది. అభిమానులు చప్పట్లతో కలిపి అరిచే మామూలు చాంట్‌లో చప్పట్టుకూ చప్పట్టుకూ మధ్య అర సెకను కూడా ఉండదు. అవతలి స్టాండ్ వాళ్లు విన్నదాన్ని పట్టుకుని పాడితే తాళం తప్పి తీరుతుంది. 2016 యూరో కప్‌లో ఐస్‌లాండ్ అభిమానుల చప్పట్లు అంత బాగా కుదరడానికి కారణం చప్పట్టుకూ చప్పట్టుకూ మధ్య ఉన్న పెద్ద విరామం. ఎదురెదురు స్టాండ్‌లు ఒకరి తర్వాత ఒకరు అందుకునే పాటలు పెట్టుకోండి. ఆలస్యం అప్పుడు అడ్డం రాదు.

అపోహ: జనాన్ని నిలబడి చూడనిస్తే ప్రాణాలు పోతాయి

ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోను. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట వల్ల 97 మంది చనిపోయారు. కానీ అక్కడ కారణం నిలబడటం కాదు. అప్పటికే నిండిపోయిన, ఇనుప కంచెలతో మూసిన భాగాల్లోకి ఇంకా జనాన్ని వదిలారు. 2016లో విచారణ జ్యూరీ తప్పును అభిమానుల మీద వేయలేదు, పోలీసుల వైఫల్యాలను ఎత్తి చూపింది. ఇప్పుడు వాడే రెయిల్ సీటింగ్ వేరు. ప్రతి వరుస ముందూ నడుము ఎత్తు కడ్డీ ఉంటుంది, మనిషికి ఒక సీటు చోటు. వెనకవాళ్లు ముందువాళ్ల మీద పడే వీల్లేదు. స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్ దీన్ని 2016లో తెచ్చింది. ఇంగ్లండ్‌లో 2022 జనవరి నుంచి కొన్ని క్లబ్బులకు అనుమతిచ్చి చూసి, తర్వాత మిగతావాళ్లకూ తలుపు తెరిచారు. ఎలాగూ సీట్ల ముందు నిలబడే జనానికి కడ్డీ లేని సీటు కంటే ఇది భద్రం.

అపోహ: టికెట్ ధరకూ గోలకూ సంబంధం లేదు

2016లో టికెట్ 77 పౌండ్లు చేస్తామన్నందుకు లివర్‌పూల్ అభిమానులు వేల మంది 77వ నిమిషంలో లేచి వెళ్లిపోయారు. యాజమాన్యం వెనక్కి తగ్గింది. పాడే వయసు వాళ్లను ధరతో బయటికి పంపి, వాళ్ల పాట కోసం స్పీకర్లు కొనడం ఏ లెక్కో నాకు అర్థం కాదు.

అపోహ: గోల వల్ల ఆటకు ఒరిగేదేమీ లేదు

2002 నాటి ఒక ప్రయోగంలో రిఫరీలకు ఒకే మ్యాచ్‌లోని ట్యాకిల్స్ (బంతి కోసం ఆటగాళ్లు ఢీకొన్న సందర్భాలు) చూపించారు, కొందరికి జనం శబ్దంతో, కొందరికి శబ్దం తీసేసి. శబ్దం విన్నవాళ్లు సొంత మైదానంలో ఆడుతున్న జట్టు మీద ఇచ్చిన ఫౌల్స్ దాదాపు 15 శాతం తక్కువ. న్యాయమా అంటే వేరే చర్చ.

అపోహ: డెసిబెల్ రికార్డే కొలమానం

ఫోన్ యాప్ స్క్రీన్‌షాట్లు దయచేసి పంపకండి. ఫోన్ మైక్ అంత శబ్దాన్ని సరిగా కొలవలేదు. 2011లో టర్కీ క్లబ్ గలతాసరాయ్ జనం 131.76 డెసిబెల్‌లతో గిన్నిస్ రికార్డు కొట్టారు, 2014లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కాన్సస్ సిటీ చీఫ్స్ స్టేడియంలో 142.2 నమోదైంది. రెండూ ఒక్క క్షణపు గరిష్ఠాలు. జట్టు 0–2తో వెనకబడ్డప్పుడు 70వ నిమిషంలో ఎంతమంది పాడుతున్నారో నేను చూస్తాను.

చివరగా, పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులు తరచూ అడిగేది: "చెవులకు ప్రమాదమా?" మీ భయంలో నిజం ఉంది. పని చోట్లకు వాడే ఒక ప్రమాణం ప్రకారం 85 డెసిబెల్‌లలో 8 గంటలు ఉండొచ్చు, 3 పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. అది పెద్దవాళ్ల లెక్క. చిన్నపిల్లలకు చెవుల మీద పెట్టే ఇయర్ డిఫెండర్లు కొనండి. దూది పనికిరాదు. టికెట్ కొనేటప్పుడే పాడే బ్లాక్ ఎక్కడో, పెద్ద స్పీకర్లు ఎక్కడ వేలాడుతున్నాయో అడిగి, రెండింటికీ దూరంగా తీసుకోండి. మ్యాచ్ అయ్యాక చెవుల్లో గుయ్‌మనే మోత మర్నాటికీ తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.