ఆరో రిసీవర్ గురించి పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు.

ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే అమెరికాలో ఎన్ఎఫ్ఎల్ ఫుట్‌బాల్ జట్లు తమ ఆటగాళ్ళను తగ్గించుకుంటాయి. ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న పిల్లలకు ఇది స్కూల్లో రోజూ నలిగే కబురే. వరంగల్‌లోనో గుంటూరులోనో కూర్చుని ఫోన్‌లో హైలైట్స్ చూసేవాళ్ళకు కొంచెం కొత్త. కానీ రెండు చోట్లా పిల్లలకు వచ్చే ప్రశ్న ఒకటే: "మొన్న మ్యాచ్‌లో అంత బాగా ఆడిన అబ్బాయిని ఇవాళ ఎందుకు తీసేశారు?" దానికి జవాబుగానే ఈ ఉత్తరం రాస్తున్నాను. అందరి గురించీ రాస్తే పుస్తకమవుతుంది కాబట్టి వైడ్ రిసీవర్ల గురించే చెబుతాను.

ఆట తెలియనివాళ్ళ కోసం ముందు ఒక మాట. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని దూరంగా పరుగెత్తి పట్టుకునేవాడు వైడ్ రిసీవర్. క్రికెట్‌లో బౌండరీ దగ్గర వెనక్కి పరుగెడుతూ క్యాచ్ పట్టేవాడిని ఊహించుకోండి. ఆ ఫీల్డర్‌ను అడుగడుగునా ఇంకొకడు అడ్డుకుంటూ, బంతి అందగానే పడేయడానికి కాచుకుని ఉంటే ఎలా ఉంటుందో, రిసీవర్ పని అలా ఉంటుంది.

ఇక లెక్క. వేసవి క్యాంప్‌లో ఒక్కో జట్టుకు 90 మంది దాకా ఉండొచ్చు. సీజన్ మొదలయ్యేసరికి 53 మందే ఉండాలి. లీగ్‌లో జట్లు 32. అంటే ఆ కొద్ది రోజుల్లో వెయ్యిమందికి పైగా చోటు పోగొట్టుకుంటారు. క్యాంప్‌లో పది పన్నెండు మంది రిసీవర్లుంటే చివరికి మిగిలేది మామూలుగా ఐదుగురో ఆరుగురో. మొదటి ముగ్గురు ఎవరో క్యాంప్ మొదలయ్యే నాటికే దాదాపు అందరికీ తెలుసు. పోటీ అంతా మిగతా రెండు మూడు చోట్ల కోసమే.

ఇక్కడ మీరు బాగా గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఐదో, ఆరో చోటు బంతి బాగా పట్టేవాడికే వస్తుందనుకుంటే పొరపాటు. మ్యాచ్ రోజున 53 మందిలో 48 మందికి మించి యూనిఫామ్ వేసుకోవడానికి వీల్లేదు. కాబట్టి ఆరో రిసీవర్ ఇంకేదో పనికి కూడా రావాలి. ఆ పని స్పెషల్ టీమ్స్‌లో, అంటే బంతిని కాలితో తన్నే సందర్భాల్లో దిగే దళాల్లో ఉంటుంది. మన జట్టు బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకు వదిలేసినప్పుడు (దాన్ని పంట్ అంటారు) మైదానం అంచు నుంచి దూసుకెళ్ళి, అడ్డొచ్చే ఇద్దరిని తప్పించుకుని, బంతి పట్టినవాడిని అక్కడికక్కడే పడగొట్టాలి. ఆ పని చేసేవాడిని గన్నర్ అంటారు. అవతలివాళ్ళు కొట్టిన బంతిని పట్టి వెనక్కి తెచ్చేవాడు రిటర్నర్. ఈ రెండింట్లో ఒక్కటైనా రాకపోతే, ఎంత చక్కగా క్యాచ్‌లు పట్టినా ఆరో రిసీవర్‌గా నిలవడం చాలా కష్టం. కాలేజీలో ఎప్పుడూ బంతి తనకే వచ్చిన కుర్రాడికి ఈ పని కొత్త. నేర్చుకోవడానికి అతని చేతిలో ఉండేది ఒక్క వేసవి.

ఇంకో చిక్కు కూడా ఉంది. రిసీవర్ ఒంటరిగా తన ప్రతిభ చూపించలేడు. ప్రీసీజన్‌లో, అంటే సీజన్‌కు ముందు జరిగే సన్నాహక మ్యాచ్‌లలో, రెండో సగం కొత్తవాళ్ళే ఆడతారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కూడా తన చోటు కోసం కొట్టుకుంటున్నవాడే. అతన్ని కాపాడాల్సిన లైన్ కూడా కొత్తదే. రిసీవర్ చెప్పినట్టే పరుగెత్తి, ఎవరికీ అందకుండా ఖాళీగా నిలబడ్డా బంతి ఇంకోవైపు వెళ్ళిపోవచ్చు. కోచ్‌లు వీడియోలో అదంతా చూస్తారు, నిజమే. అయినా బంతి చేతిలో పడితేనే మనిషి గుర్తుంటాడు. 2010 ఆగస్టులో న్యూయార్క్ జెయింట్స్ తరఫున విక్టర్ క్రూజ్ జెట్స్ మీద ఒకే ప్రీసీజన్ రాత్రి మూడు టచ్‌డౌన్లు చేశాడు, అంటే మూడుసార్లు బంతిని అవతలి చివరి గీత దాటించాడు. కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని అతను ఆ ఒక్క రాత్రితో అందరి నోళ్ళలో పడ్డాడు. 2011 సీజన్‌లో క్యాచ్‌లతో 1,536 గజాలు సంపాదించి, జట్టుతో కలిసి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. అలాంటి రాత్రి అందరికీ రాదు. అందుకే 2021లో ప్రీసీజన్ మ్యాచ్‌లను నాలుగు నుంచి మూడుకు తగ్గించినప్పుడు నాకు బాధ కలిగింది. పేరున్నవాళ్ళకు దానివల్ల విశ్రాంతి దొరికింది, చివరి వరుసలో ఉన్నవాళ్ళకు ఒక అవకాశం పోయింది. 2023 నుంచి విడతలవారీ కోతలు మానేసి, ప్రీసీజన్ అంతా అయ్యాక ఒకేసారి 90 నుంచి 53కి తగ్గిస్తున్నారు. ఇది మాత్రం మంచి పని. కుర్రాళ్ళు చివరి మ్యాచ్ దాకా జట్టులో ఉంటారు.

కోత రోజు ఎలా ఉంటుందంటే, జట్టు సిబ్బందిలో ఒకరు వచ్చి "కోచ్ పిలుస్తున్నారు, ప్లేబుక్ తీసుకురా" అంటారు. ఆ కబురు తెచ్చే మనిషిని ఆటగాళ్ళు టర్క్ అని పిలుచుకుంటారు. ఇప్పుడు ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) టాబ్లెట్‌లో ఉంటుంది కాబట్టి టాబ్లెట్ అప్పగించాలి. కోచ్‌తో నాలుగు మాటలు, వైద్య పరీక్ష, సంతకాలు, ఇంటికి టికెట్. అంతే.

అక్కడితో దారి మూసుకుపోదు. లీగ్‌లో నాలుగు సీజన్లు పూర్తిచేసినవాళ్ళు వెంటనే ఏ జట్టుతోనైనా మాట్లాడుకోవచ్చు. అంతకంటే తక్కువ అనుభవం ఉన్నవాళ్ళు వేవర్స్ అనే పద్ధతిలోకి వెళ్తారు. మర్నాడు మధ్యాహ్నం దాకా మిగతా జట్లు వాళ్ళను కోరుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు కోరుకుంటే, కిందటేడు తక్కువగా గెలిచిన జట్టుకే ముందు హక్కు. ఎవరూ కోరకపోతే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో చేరొచ్చు. ఒక్కో జట్టుకు అందులో 16 చోట్లుంటాయి. వారమంతా జట్టుతో సాధన చేస్తారు, మ్యాచ్ రోజు మామూలుగా ఆడరు. జీతంలో తేడా చాలా పెద్దది. 2024లో కొత్త ఆటగాడు సీజనంతా 53 మందిలో ఉంటే కనీసం 7,95,000 డాలర్లు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో కొత్తవాడికి వారానికి 12,500. పైగా అక్కడ ఏ వారమైనా పంపేయొచ్చు.

ఈ దారిలోనే వచ్చాడు ఆడమ్ థీలెన్. మినెసోటా రాష్ట్రంలోనే పుట్టి, మాన్‌కేటోలో చిన్న కాలేజీకి ఆడాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2013లో ఆ రాష్ట్రపు జట్టు వైకింగ్స్ ట్రయల్‌కు వెళ్ళి క్యాంప్‌లో చోటు సంపాదించాడు, కోతలో పోయాడు, ఆ ఏడాదంతా ప్రాక్టీస్ స్క్వాడ్‌లో గడిపాడు. మరుసటి సంవత్సరం జట్టులోకొచ్చింది స్పెషల్ టీమ్స్ పని వల్లే. ఆ సీజన్‌లో కరోలినా మీద పంట్‌ను అడ్డుకుని, ఆ బంతితోనే టచ్‌డౌన్ చేశాడు. 2018లో మొదటి ఎనిమిది మ్యాచ్‌లలోనూ వంద గజాలకు తగ్గలేదు.

వెస్ వెల్కర్ సంగతి ఇంకోరకం. 2004లో శాన్ డియేగో చార్జర్స్ కోతలో నిలిచాడు, కానీ మొదటి మ్యాచ్ అవగానే అతన్ని పంపేశారు. మయామీ తీసుకుంది. ఆ అక్టోబరులో బంతిని తన్నే కిక్కర్‌కు గాయమైతే, తనే బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని ఫీల్డ్ గోల్ కొట్టాడు. తరవాత న్యూ ఇంగ్లండ్‌కు వెళ్ళి, 2007లో ఇంకొకరితో సమానంగా, 2009, 2011 సీజన్లలో ఒక్కడే లీగ్‌లో అందరికంటే ఎక్కువ క్యాచ్‌లు పట్టాడు.

పేరున్నవాళ్ళకు కూడా ఈ రోజు తప్పదు. 2012 ఆగస్టులో 38 ఏళ్ళ టెరెల్ ఓవెన్స్ సియాటిల్ క్యాంప్‌లో చేరాడు. అప్పటికి లీగ్ చరిత్రలో అతనికంటే ఎక్కువ గజాలు సంపాదించిన రిసీవర్ జెర్రీ రైస్ ఒక్కడే. అయినా ఆ నెలాఖరు లోపే అతన్ని తీసేశారు. ఆ తరవాత ఎన్ఎఫ్ఎల్‌లో ఆడనేలేదు.

అయితే పిల్లలూ, థీలెన్ కథ చెప్పి ఊరుకుంటే నేను మీకు సగమే చెప్పినట్టు. కోతలో పోయినవాళ్ళలో చాలామంది తిరిగి రారు. కొందరు కెనడా లీగ్‌కు వెళ్తారు, కొందరు వసంతకాలంలో జరిగే చిన్న లీగ్‌లో ఆడతారు. కొందరు ఏ జట్టయినా ఫోన్ చేస్తుందేమోనని నెలల తరబడి ఇంటి దగ్గరే ఒళ్ళు వంచి సాధన చేస్తుంటారు. ఇంకొందరు చదువు పూర్తిచేసి స్కూల్లో కోచ్‌లవుతారు. వీళ్ళందరూ తమ ఊళ్ళో, తమ కాలేజీలో చాలా మంచి ఆటగాళ్ళు. కోత జాబితా రాగానే వీళ్ళను వేళాకోళం చేస్తూ రాసేవాళ్ళను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. మీరు అలా రాయకండి.

ఈమధ్య ఈ గడువు ఆగస్టు చివరి మంగళవారం, అక్కడి తూర్పు తీరంలో సాయంత్రం 4 గంటలకు పడుతోంది. మన దేశంలో అప్పటికి బుధవారం తెల్లవారుజామున ఒంటిగంటన్నర. మెలకువగా ఉండకండి, పొద్దున్నే చూడొచ్చు. అదే బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు వేవర్స్ గడువు ముగుస్తుంది. ఆ వెంటనే ప్రాక్టీస్ స్క్వాడ్ పేర్లు రావడం మొదలవుతుంది, అవి కూడా చదవండి. మీ జట్టులో ఐదో, ఆరో రిసీవర్ ఎవరో రాసిపెట్టుకుని, సెప్టెంబరులో మొదటి మ్యాచ్‌లో పంట్ కొట్టినప్పుడల్లా వాళ్ళెక్కడున్నారో వెతకండి. ఏం చూశారో నాకు రాయండి.

ఉంటాను,
మీ తాతయ్య