కార్తీకపు ముసురుకు వైశాఖపు ఎండ

కావలి

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి నాయనమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరు పెమ్మికన్ అనే ఎండు మాంసపు నిలవ తిండి గురించి అడిగితే హడావిడిలో "అదంతా మనకెందుకు" అనేశాను. ఇప్పుడు తీరిగ్గా, తుపాను రోజులకు మనం ఏం దాచుకోవాలో కూడా కలిపి రాస్తున్నాను.

పెమ్మికన్ మంచి తిండే. ఉత్తర అమెరికాలోని క్రీ తెగ వంటి ఆదివాసులది. అడవి దున్న మాంసాన్ని పలచగా కోసి, ఎండలోనో సెగ మీదనో ఎండబెట్టి, పొడి కొట్టి, కరిగించిన కొవ్వుతో కలిపి తోలు సంచుల్లో దట్టించేవారు. ఒక్కోసారి ఎండిన పండ్లు కూడా కలిపేవారు. ధ్రువాలకు వెళ్లినవారు సైతం దాన్ని మోసుకెళ్లారు. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అమండ్‌సెన్ బృందం తిన్నదీ అదే. కానీ అది చలిదేశపు వంట. మన వైశాఖం ఎండకు ఆ కొవ్వు కారిపోతుంది, త్వరగా ముక్కిపోయిన వాసన కొడుతుంది. ఎక్కడి తిండి అక్కడి గాలిని బట్టి పుడుతుంది. మనకు కావలసింది మన గాలికి నిలిచే తిండి.

మన గాలి సంగతి మీకు తెలుసు కదా. నెల్లూరు వైపు పెద్ద వానలు ఆషాఢంలో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. 1989 నవంబరులో తీరం దాటిన పెద్ద తుపాను ఎక్కడో థాయ్‌లాండ్ దగ్గర పుట్టి, బంగాళాఖాతం దాటి వచ్చి కావలి దగ్గరే విరుచుకుపడింది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు హైవే కూడా తెగింది. అలాంటప్పుడు కొట్టు తెరవదు, గ్యాస్ బండి రాదు, కరెంటు ఉండదు. వండకుండా తినగలిగేది ఇంట్లో ఉందా లేదా అన్నదే ప్రశ్న.

తిండి పాడయ్యేది నీటి వల్ల. పదార్థంలో తడి ఉంటే బూజూ సూక్ష్మజీవులూ బతుకుతాయి, తడి తీసేస్తే వాటికి దిక్కు లేదు. ఎండబెట్టడం తడిని తోలేస్తుంది. ఉప్పూ బెల్లమూ వేరే దారి పడతాయి, పదార్థంలోని నీళ్లను తమతో పట్టి ఉంచి సూక్ష్మజీవులకు అందకుండా చేస్తాయి. ఆవకాయలో ఉప్పు చేసేది ఆ పనే. పైన తేలే నూనె గాలి తగలకుండా కాపలా కాస్తుంది. ఉలవపాడు మామిడి రసాన్ని చాప మీద పొరలు పొరలుగా పోసి, ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది పోస్తారు చూశారా? తొందరపడి తడి పొర మీద ఇంకో పొర పోస్తే తాండ్ర లోపల పులుస్తుంది.

తుపాను రోజులకని దాచుకునే డబ్బాలో నేను మొదటి పీట వేసేది పేలపిండికి. తొలి ఏకాదశికి ఇంత నోట్లో వేసుకుని మరిచిపోతారు గానీ, దాని విలువ వాన రోజుల్లో తెలుస్తుంది. కొట్లో పేలాలకు పనికివచ్చే జొన్నలని అడిగి తెండి. వైశాఖంలోనే ఎండబెట్టి దాచాలి. పేలాలు మాత్రం దసరా ముందు, ఆకాశం తేటగా ఉన్న రోజు చూసి వేయించాలి. ఇనుప మూకుడు బాగా కాలాలి. గుప్పెడు జొన్నలు మాత్రమే వేసి, గుడ్డ ఉండతో అదుముతూ తిప్పాలి. గింజలో మిగిలిన చెమ్మ ఆవిరై, బయటికి దారి లేక, పెంకును పగలగొట్టుకుని వస్తుంది. టపటపా పేలేది అందుకే. మరీ మాడ్చి ఎండబెట్టిన గింజ పేలదు, తడి ఎక్కువైనా పేలదు. ఆ చెమ్మ పోయింది కనుకనే పేలాలు నిలవ ఉంటాయి. పేలని గట్టి గింజలను చాటలో చెరిగి తీసేయండి, పళ్లు విరుగుతాయి. పేలాలతో పాటు పుట్నాల పప్పు కొంచెం వేసి దంచుకుంటే, లేదా మిక్సీలో తిప్పుకుంటే కడుపు నిండుతుంది, బలమూ వస్తుంది.

ఇక్కడ మీ అమ్మతో నాకు చిన్న తగువుంది. తను పిండిలో బెల్లం ముందే కలిపేస్తుంది. తినడానికి బాగుంటుంది, నిజమే. కానీ బెల్లం గాలిలోని తేమను లాగుతుంది, ముసురు పట్టిన వారానికే పిండి గడ్డలు కడుతుంది. బెల్లాన్ని వేరే సీసాలో ఉంచండి, తినేటప్పుడు తురిమి కలుపుకోండి. పిండి పూర్తిగా చల్లారాకే డబ్బా మూయాలి. వేడిగా మూస్తే మూత లోపల నీటి చుక్కలు పడతాయి, చేసిన పనంతా నీళ్లపాలు. ఇలా దాస్తే సంక్రాంతి దాకా బాగుంటుంది.

వడియాలు, అప్పడాలు నాకూ ఇష్టమే గానీ వాటిని తుపాను తిండిలో లెక్కపెట్టను. నూనె కాగాలి, పొయ్యి వెలగాలి. వాటికి బదులు అటుకులు పెట్టండి, నానబెడితే చాలు. వేరుశనక్కాయలను పొట్టుతోనే ఉంచండి, వేయిస్తే త్వరగా పాడవుతాయి. బూజు పట్టిన గింజ కనబడితే మొహమాటం లేకుండా పారేయండి. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు.

తాతయ్యకు ఎండు నెత్తళ్ల చేపలు లేని డబ్బా డబ్బాయే కాదు. సరే, కొనుక్కోండి, కానీ ఇసుకలో ఆరబోసినవి కాక వలల మీద ఎండబెట్టినవి చూసి తీసుకోండి. వేలితో వంచితే పుటుక్కున విరగాలి, వంగితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. నాలుగు నిప్పులుంటే కాల్చుకుని తినవచ్చు.

ఒక మాట చాలామంది మరిచిపోతారు. పేలపిండీ ఉప్పు చేపా ఆవకాయా అన్నీ దాహం పుట్టించేవే. నీళ్లు లేకుండా ఎండు తిండి దాచుకుంటే ఉపయోగం లేదు. తాగడానికీ తిండికీ కలిపి మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు లెక్కేసుకోండి. తుపాను హెచ్చరిక రాగానే, బోరు మోటారు ఆగకముందే, ఇంట్లో ఉన్న బిందెలన్నీ కడిగి నింపి మూతలు పెట్టండి.

వేసవి సెలవులకు వచ్చేటప్పుడు వెడల్పు మూతి గాజు సీసాలు నాలుగు తెండి. ప్లాస్టిక్ డబ్బాలు వద్దు, వాటి మూతలు రెండేళ్లకే వదులవుతున్నాయి. జొన్నలు నేను ఎండబెట్టి ఉంచుతాను.

ఇట్లు
మీ నాయనమ్మ