కొట్టకుండా నిలబడడం గురించి

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్ళకు, అనంతపురం నుంచి మీ జేజినాయన ఆశీర్వదించి వ్రాయునది.

సంక్రాంతి సెలవులలో మీరంతా ఫోనులో బేస్‌బాల్ చూస్తున్నప్పుడు మీలో అందరికన్నా చిన్నవాడు నన్నొక మాట అడిగాడు: "బంతి వస్తుంటే బ్యాటు పట్టుకొని ఊరకే నిలబడతాడేమి జేజినాయనా, ఆయనకు కొట్టడం రాదా?" అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టరుగా ఉండి, ఎర్రమట్టి మైదానంలో ఆడపిల్లలకు బేస్‌బాల్ వంటిదే అయిన సాఫ్ట్‌బాల్ నేర్పినవాణ్ణి కనుక, ఆ జవాబు బాకీ పెట్టుకోవడం నాకు నచ్చక ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

క్రికెట్టులో బౌలరు పరుగెత్తుకొని వస్తాడు, బంతి నేలను తాకి లేస్తుంది. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్ ఉన్నచోటనే నిలబడి, నేలకు తగలకుండా విసురుతాడు. అక్కడి నుంచి బ్యాటరు ముందు నేలలో పరచిన హోమ్ ప్లేటు అనే పలకకు దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సుమారు 0.4 సెకనులో అక్కడికి చేరుతుంది. బ్యాటు తిప్పడానికి పట్టే కాలాన్ని అందులోంచి తీసివేస్తే, కొట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి మిగిలేది పావు సెకను.

హోమ్ ప్లేటు వెడల్పు 17 అంగుళాలు, అంటే మూరకు ఒక అంగుళం తక్కువ. దాని మీదుగా, బ్యాటరు మోకాలి దిగువ నుంచి రొమ్ము దాకా, ఒక కిటికీ ఉన్నదనుకోండి. బ్యాటు తిప్పకపోయినా సరే, బంతి ఆ కిటికీలోంచి పోతే అది స్ట్రైకు. కిటికీ తప్పిన బంతికి బ్యాటరు ఆశపడక నిలబడితే అది 'బాల్'. ఆశపడి బ్యాటు తిప్పి తగిలించలేకపోతే అదీ స్ట్రైకే. మూడు స్ట్రైకులైతే బ్యాటరు అవుటు, నాలుగు బాల్‌లైతే బంతిని తాకకుండానే మొదటి బేసుకు (పరుగు కోసం వరుసగా చుట్టి రావలసిన మజిలీలలో మొదటిదానికి) నడిచిపోతాడు. వైడుకు మనకు ఒక పరుగు దక్కినట్లే, ఇక్కడ నాలుగింటికి ఒక బేసు దక్కుతుందన్నమాట.

ఆట సొగసంతా ఈ లెక్కలోనే ఉన్నది. ఒక్కొక్క బంతికి తక్కెడ ముల్లు ఒక్కొక్క వైపు వంగుతుంది. మూడు బాల్‌లు పడి స్ట్రైకు ఒక్కటీ లేకపోతే పిచర్‌కు గత్యంతరం లేదు, కిటికీలోకే వేయాలి. అప్పుడు బ్యాటరు తనకు ఇష్టమైన చోట పడే బంతి కోసం తీరికగా కాచుకుంటాడు. అదే రెండు స్ట్రైకులు పడి బాల్ ఒక్కటీ లేకపోతే, పిచర్ కావాలనే కిటికీ అంచు దాకా వచ్చి చివరిలో బయటికి జారిపోయే బంతిని ఎరగా వేస్తాడు. భయపడిన బ్యాటరు దానికి పడిపోతాడు. వేగమైన బంతిని విసిరిన చేతి ఊపుతోనే నెమ్మదైన బంతిని విసరడం (మీ స్లోవర్ బాల్ వంటిదే), బంతిని ముందుకు దొర్లినట్లు తిప్పి విసిరి చివరిలో కిందికి వంగేట్లు చేయడం, ఇవన్నీ ఆ పావు సెకనును దొంగిలించే విద్యలే. ఎప్పుడు ఏది వేయాలో ప్లేటు వెనుక గొంతుక్కూర్చున్న క్యాచరు రహస్యంగా చెబుతాడు. నా దృష్టిలో జట్టుకు మెదడు ఆయనే, కాని చూసేవారి చప్పట్లు పిచర్‌కు పోతాయి.

1941లో బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకు ఆడిన టెడ్ విలియమ్స్ సగటు 0.406, అంటే పది సార్లలో నాలుగు సార్లు హిట్టు కొట్టినట్లు (బంతిని కొట్టి, అవుటు కాకుండా బేసు చేరినట్లు). పదికి మూడు కొట్టినవాణ్ణే గొప్పవాడనే ఆట అది. అదే సీజనులో ఆయన 147 సార్లు నాలుగు బాల్‌లు వదిలేసి మొదటి బేసుకు నడిచాడు. చిన్నోడా, కొట్టడం రానివాడు నిలబడలేదు, కొట్టడం అందరికన్నా బాగా వచ్చినవాడే నిలబడ్డాడు.

బేసు మీదికి చేరిన తరువాత మరొక తంతు మొదలవుతుంది. బేసుకూ బేసుకూ నడుమ 90 అడుగులు. రన్నరు పది పన్నెండు అడుగులు ముందే జరిగి నిలబడి, పిచర్ కదలగానే రెండో బేసుకు దౌడు తీస్తాడు. పిచర్ కదిలినప్పటి నుంచి బంతి క్యాచరుకు చేరడానికి సుమారు 1.3 సెకన్లు, క్యాచరు దాన్ని పట్టి రెండో బేసుకు విసరడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. ఈ రెండూ కలిసే లోపల అతడు చేరాలి. (మా సాఫ్ట్‌బాల్‌లో బంతి చేతిని వదిలే దాకా రన్నరు బేసు విడువరాదు, అందుకే మా పిల్లలు చేతినే చూస్తూ ఉండేవారు.) ఒక్కొక్కసారి బ్యాటరు బ్యాటును అడ్డం పెట్టి బంతిని ఊరకే ముందుకు దొర్లించి, తాను అవుటై, రన్నరును ఒక బేసు ముందుకు జరుపుతాడు. గుడి అరుగు మీద గీసుకొని మనం ఆడిన పులిజూదంలో, పులిని కట్టడానికి నేను మేకను ఒదులుకుంటే మీరు నన్ను చూసి నవ్వారు కదా, అదే ఇది. కాకపోతే ఇన్నింగ్సుకు మూడే అవుట్లు గనుక, ఇద్దరు అవుటైన తరువాత ఎవరూ ఆ పని చేయరు.

దసరాకు వచ్చేటప్పుడు టెన్నిసు బంతులు నాలుగు తెచ్చుకోండి. మోకాళ్ళు సహకరిస్తే క్యాచరుగా నేనే కూర్చుంటాను. మొదటి పది బంతులకు ఎవరూ బ్యాటు తిప్పరాదు. బంతి కిటికీలో పడిందో తప్పిందో గట్టిగా అరిచి చెబితే చాలు.

ఇట్లు,
మీ జేజినాయన